తప్పు తెలిసిన దిక్సూచి

పాత సామాన్ల కొట్లో గాజు బల్ల కింద తళతళలాడే ఇత్తడి దిక్సూచి ఒకటి ఉంటుంది. చార్మినార్ చుట్టుపక్కల బజార్లే కానక్కర్లేదు, దేశంలో ఏ ఊరి యాంటిక్ దుకాణానికి వెళ్లినా దాని అన్నదమ్ములు కనిపిస్తాయి. డయలు మీద ‘స్టాన్లీ, లండన్, 1885’ అని ఉంటుంది. మూత తెరిస్తే లోపలివైపు రాబర్ట్ ఫ్రాస్ట్ రాసిన ‘ది రోడ్ నాట్ టేకెన్’ పద్యం చెక్కి ఉంటుంది. ఫ్రాస్ట్ పుట్టింది 1874లో, ఆ పద్యం అచ్చయింది 1915లో. పదకొండేళ్ల అమెరికా పిల్లవాడు పెద్దయ్యాక రాయబోయే పద్యాన్ని లండన్ పనివాళ్లు ముప్పై ఏళ్లు ముందే చెక్కిపెట్టారన్నమాట. నవ్వుకొని వదిలేయవచ్చు. కానీ ఇంకాస్త తెలివైన పనివాడు ఆ పద్యం చెక్కకుండా, తారీఖు కుదిరేలా వేసి, ఇత్తడికి కాస్త మసి పట్టించి అమ్మితే దాన్ని పట్టుకునేది ఎలా? లోహం అసలైనదే, ముల్లు ఉత్తరాన్నే చూపిస్తుంది, చేతిలో బరువూ సరిగ్గానే ఉంటుంది. నా మట్టుకు దానికీ అసలు వస్తువుకీ తేడా ఒక్కటే. అసలు దిక్సూచికి తన తప్పు ఎంతో తెలిసి ఉంటుంది. ఎవరో ఒకరు దాన్ని కొలిచి, సరిచూసి, లెక్క రాసిపెట్టుకొని ఉంటారు. ఈ మెరిసే వస్తువును ఎవరూ ఎన్నడూ అలా నిలదీయలేదు.

సైన్యంలో నక్షా చదవడానికీ దారి పట్టడానికీ వాడిన పాత పనిముట్లను పోగుచేసేవాళ్లు మామూలుగా వెతికేది పేరు, ముద్ర, మెరుపు. కత్తుల విషయంలో అది సరే. కత్తికి పిడి అందం, పోత పనితనం చూస్తే చాలు. కొలత పనిముట్టు అలాంటిది కాదు, అది సాక్షి. దాని పనల్లా ఫలానా కొండ ఫలానా దిక్కున ఉందని చెప్పడం. ఏ సాక్షీ నూటికి నూరుపాళ్లు నిజం చెప్పలేడు కాబట్టి, ఎంత తేడాగా చెబుతాడో తెలిసిన సాక్షినే నమ్మాలి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్, భారత సైన్యాలు వాడిన వెర్నర్ నమూనా మార్క్ 7, మార్క్ 8 దిక్సూచులను చూడండి. అరచేతిలో ఇమిడే డబ్బీ. మూతలో గాజు కిటికీ, దాని నడుమ సన్నని గీత. ఇటువైపు మడతపెట్టే చిన్న పట్టకం. దూరాన ఉన్న గోపురాన్నో చెట్టునో ఆ గీతకు సరిపెట్టి, అదే చూపులో పట్టకంలోంచి డయలు మీద అంకె చదవాలి. డయలు ఊగుతూ ఉంటే అంచున ఉన్న బొత్తాం మెల్లగా నొక్కి ఆపాలి. అడుగున సర్కారీ సొత్తు అని చెప్పే బాణం ముద్ర, ఒక నంబరు, సంవత్సరం. ఇంత పకడ్బందీగా చేసిన వస్తువుకు కూడా సొంత దోషం ఉంటుందనీ, తెలిసిన దిక్కుతో పోల్చి ఆ దోషాన్ని రాసిపెట్టుకోవాలనీ సైనికులకు నేర్పేవారు. అందుకే తోలు సంచీ లోపల మడతపెట్టిన చీటీ మీద ‘అర డిగ్రీ కలపాలి’ అని పెన్సిల్‌తో రాసి ఉంటే, నేను ఆ చీటీకే ఎక్కువ ధర కడతాను, ఇత్తడికి కాదు.

ఇది చాదస్తం అనిపిస్తే మన నేలమీద నుంచే రుజువు తీసుకోవచ్చు. సర్వే అధికారి విలియం లాంబ్టన్ 1802 ఏప్రిల్‌లో మద్రాసు పరంగిమల దగ్గర గొలుసు పరిచి మొదలుపెట్టిన కొలత, తర్వాతి రోజుల్లో ‘గ్రేట్ ట్రిగనమెట్రికల్ సర్వే’గా పేరుపడి హైదరాబాద్ రాజ్యం గుండా ఉత్తరానికి సాగింది. ఆయన పనిముట్ల జాతకమే విచిత్రం. మొదట వాడిన ఉక్కు గొలుసు చైనా చక్రవర్తికి నజరానాగా ఇంగ్లండు నుంచి వెళ్లి, అక్కడ ఎవరికీ అక్కర్లేక, చేతులు మారి మద్రాసు చేరింది. కోణాలు కొలవడానికి విలియం కేరీ తయారుచేసిన పెద్ద థియోడొలైట్ అర టన్ను బరువు, దాని చక్రం వ్యాసం 36 అంగుళాలు. వచ్చే దారిలో ఫ్రెంచివాళ్ల చేత చిక్కి మారిషస్ వెళ్లింది. అక్కడి గవర్నరు మర్యాదగా మద్రాసుకు పంపించాడు. 1808లో తంజావూరు పెద్దగుడి గోపురం మీదికి ఎక్కిస్తుంటే తాడు తెగి గోడకు కొట్టుకుంది, చక్రం వంకరపోయింది. ఇంకెవరైనా అయితే ఇంగ్లండుకు ఉత్తరం రాసి కూర్చునేవారు. లాంబ్టన్ వారాల తరబడి తలుపులు మూసుకొని, చెక్క సుత్తులతో మరలతో ఆ చక్రాన్ని మళ్లీ గుండ్రానికి తెచ్చాడు. ఆ దెబ్బతిన్న థియోడొలైట్‌తోనే దక్కను కొండల కోణాలు కొలిచారు. 1815లో బీదర్ దగ్గర మరో ఆధారరేఖ (బేస్‌లైన్) కొలిచారు, 1818 చివర్లో జార్జ్ ఎవరెస్ట్ హైదరాబాద్‌లోనే లాంబ్టన్ దగ్గర చేరాడు. వంగిన చక్రంతో తీసిన కొలతను నమ్మింది ఎందుకు? ఒకే కోణాన్ని చక్రం మీద వేర్వేరు చోట్ల నుంచి మళ్లీ మళ్లీ చదివితే ఏ చోట ఎంత తేడా వస్తుందో బయటపడుతుంది కనుక. ఆ థియోడొలైట్ గొప్పదనం దెబ్బ తగలకపోవడంలో లేదు. తగిలిన దెబ్బను లెక్కలోకి తెచ్చుకోవడంలో ఉంది. మెరుగుపెట్టి, వంకర కనబడకుండా చేసి అద్దాల పెట్టెలో పెడితే అందులో మనం చూడవలసింది పోయినట్టే.

ఇక్కడే ఒక అభ్యంతరం వస్తుంది, అది చిన్నది కాదు. ఇవన్నీ దొరల సరంజామా కదా, మన నేలను కొలిచి, పన్ను కట్టించి, ఫౌజులు నడిపించడానికి వాడినవే కదా, వీటిని ముద్దుగా దాచుకోవడం ఏమిటి? నిజమే. ఈస్టిండియా కంపెనీ సర్వేకు సైనికాధికారులే పెద్దలు. ఎవరెస్ట్ 1819లో కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో పని మొదలుపెట్టినప్పుడు, ఎదురుతిరిగిన నిజాం సిపాయిలను కొరడాలతో కొట్టించాడు. తర్వాత అడవి జ్వరం మొత్తం దండును పడేసింది. హైదరాబాద్ నుంచి ఏనుగులు, పల్లకీలు పంపి మోసుకురావలసి వచ్చింది, దారిలోనే కొందరు ప్రాణాలు విడిచారు. జెండాలు పట్టినవాళ్లు, దీపాలు వెలిగించినవాళ్లు, అర టన్ను పెట్టెను గుట్టలెక్కించిన ఖలాసీలు ఏ పటం మూలనా పేరుగా మిగల్లేదు. ఇంత తెలిసీ ఈ పనిముట్లను పారేయకూడదని నేను అనడానికి కారణం, ఆ మనుషుల ఆచూకీ ఇంకా కాస్త మిగిలింది వీటిలోనే. ఆర్కాటు వాడు సయ్యద్ మీర్ మొహసిన్ హుసేన్ కథ తీసుకోండి. మద్రాసులో నగల దుకాణంలో పనిచేస్తుంటే సర్వేయర్ జనరల్ బ్లాకర్ గుర్తించి కలకత్తాకు తీసుకెళ్లాడు. పెద్ద థియోడొలైట్లను విప్పి, మరమ్మతు చేసి, మళ్లీ పనికి తేవడంలో ఎవరెస్ట్‌కు కుడిచెయ్యి అయ్యాడు. పరికరాల పని చూడటానికి ఇంగ్లండు నుంచి వచ్చిన హెన్రీ బారో వెళ్లిపోయాక 1840లలో ఆ స్థానం మొహసిన్ హుసేన్‌కే దక్కింది. లండన్ పేరు చెక్కిన ఇత్తడి చక్రం లోపలి గీతలు మనవాడి చేతివి కావచ్చు. ఆ గీతలను చూడటం నేర్చుకోకుండా పైన చెక్కిన పేరు చూసి డబ్బిచ్చే సేకర్తే నా లెక్కలో దొరల గొప్పను నిజంగా మోస్తున్నవాడు.

ఇంకో రుజువు బొమ్మగా ఉంది. 1816లో థామస్ హికీ గీసిన కోలిన్ మెకంజీ చిత్రంలో ఎర్రకోటు దొర మధ్యలో నిలబడి ఉంటాడు, చుట్టూ ముగ్గురు భారతీయులు. దుర్భిణి ఉన్నది దొర చేతిలో కాదు, కిష్టనాజీ అనే జవాను చేతిలో. ఆ ముగ్గురిలో ఒకరు మెకంజీ సహాయకుడు, మన కావలి వెంకట లక్ష్మయ్య అని చరిత్రకారుల గుర్తింపు. మెకంజీ అంతకుముందు నిజాం రాజ్యంలో సర్వే చేసిన ఇంజనీరు. కైఫీయతులు అని మనం ఇప్పటికీ తిరగేసే గ్రామచరిత్రల పోగు, ఆ సర్వే డేరాల్లోంచే, కావలి సోదరుల కాళ్ల కష్టంతోనే పెరిగింది. రుజువు రాతి మీద కూడా ఉంది. మద్రాసు నక్షత్రశాల 1792లో తన పరికరాన్ని నిలబెట్టుకోవడానికి నాటిన గ్రానైటు స్తంభం మీద లాటిన్, తమిళం, ఉర్దూలతో పాటు తెలుగులోనూ శాసనం చెక్కించారు. ఎవరి కోసం చెక్కించినా, కొలతల చరిత్రలో తెలుగు అక్షరం ఆ రాతి మీద ఉంది.

పరికరాలంటే థియోడొలైట్లే అనుకుంటారు గానీ, నన్నడిగితే సేకరణలో మొదటి పీట సర్వే గొలుసుకు వేయాలి. అది పాత ఇనుములో కిలోల లెక్కన పోతుంది. నిజాం రాజ్యం భూమి కొలతకు తీసుకున్న బొంబాయి పద్ధతిలో గొలుసు పొడవు 33 అడుగులు, దాన్ని 16 అణాలుగా విభజించేవారు. గొలుసుకు గొలుసు చదరం వేస్తే 1,089 చదరపు అడుగులు, అంటే 121 గజాలు. ఇప్పుడు రియల్ ఎస్టేట్ బ్రోషర్లో ‘గుంట’ అని కనిపించేది ఆ గొలుసు నీడే. గొలుసు వాడేకొద్దీ సాగుతుంది. కడ్డీకీ కడ్డీకీ మధ్య ఉన్న ప్రతి కొండీ దగ్గర వెంట్రుకవాసి అరుగుతుంది, అన్నీ కలిసి వేలెడు పొడవు పెరుగుతుంది. పొడవు పెరిగిన గొలుసుతో కొలిస్తే పొలం కాగితం మీద తగ్గి కనిపిస్తుంది. అంటే ఎక్కడో ఒక టిప్పన్‌లో (పొలం కొలతల కాగితంలో), ఒక తగాదాలో, గట్టు మీద నిలబడి అరుచుకున్న ఇద్దరు అన్నదమ్ముల మధ్య, ఆ అరిగిన కొండీలకు వాటా ఉంది. అలాంటి గొలుసును తెచ్చి, తుప్పు రాల్చి, నల్లరంగు కొట్టి గోడకు వేలాడదీస్తే అది అలంకారం. ప్రామాణికమైన టేపు పక్కన పరిచి ఎంత సాగిందో కొలిచి రాస్తే అది చరిత్ర. రెండోదానికి పట్టేది ఒక పూట.

పాతబస్తీలో ఈ రెండు దారులకూ ఇద్దరు నవాబులు ఉదాహరణగా దొరకడం మన అదృష్టం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889-1949) కంటికి నచ్చిన ప్రతిదీ కొన్నాడు. ఆయన పోయాక 1951 డిసెంబరు 16న నెహ్రూ చేతుల మీదుగా దివాన్ దేవిడీలో తెరిచిన మ్యూజియం, 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనానికి మారింది. రెండో ఆయన నవాబ్ జఫర్ జంగ్. ఆయన 15 అంగుళాల గ్రబ్ దుర్భిణిని ఇంగ్లండు నుంచి తెప్పించి, 1901లో పాతబస్తీ ఫిసల్‌బండలో నక్షత్రశాల పెట్టాడు. 1907లో ఆయన పోయాక నిజాం సర్కారు దాన్ని తీసుకొని బేగంపేటకు మార్చింది. అదే నిజామియా అబ్జర్వేటరీ. ‘కార్త్ ద్యు సీల్’ అని పారిస్ నుంచి నడిచిన అంతర్జాతీయ పథకంలో ఆకాశాన్ని వంతులుగా పంచుకోగా, దక్షిణ ఆకాశంలో 17 నుంచి 23 డిగ్రీల పట్టీ హైదరాబాద్ వంతుకు వచ్చింది. లక్షలాది నక్షత్రాల స్థానాలతో 12 సంపుటాలు వెలువడ్డాయి. ఒక నవాబు సరదా ఆకాశపటంలో భాగమైపోయింది. సాలార్‌జంగ్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆయన లేకపోతే నగరానికి ఆ సంపదే లేదు. కానీ అద్దం వెనక ఉన్న గడియారాన్ని గంట కొట్టే వేళ చూసి పరవశించవచ్చు గానీ, అద్దం వెనక ఉన్న కోణమానిని ఏమీ చెప్పదు. దాన్ని ఎవరైనా చేతిలోకి తీసుకొని ప్రశ్నించాలి.

‘అయితే అన్నీ మ్యూజియానికే ఇచ్చేయండి, ప్రశ్నించే పండితులు అక్కడ ఉంటారు’ అంటారు కొందరు. సగం ఒప్పుకుంటాను. సంస్కృతాచార్యుడు శ్రీరాముల రాజేశ్వర శర్మ అలీగఢ్‌లో పనిచేస్తూ దేశవిదేశాల్లోని భారతీయ ఖగోళ పరికరాలను ఒక్కొక్కటిగా పరిశీలించి జాబితా చేశాడు. సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఖగోళ పరికరాల మీద విడిగా ఒక పుస్తకమే వేశాడు. ఆస్ట్రోలాబ్ అనే పాత ఖగోళ పరికరాన్ని ఆయన బొమ్మగా చూడలేదు. లోపలి పళ్లెం మీద చెక్కిన ఊళ్ల పేర్లు, వాటి అక్షాంశాలు చదవాలి, నక్షత్రాల కొనలు ఏ కాలపు ఆకాశానికి సరిపోతాయో చూడాలి, మక్కా దిక్కు చూపే గీతలు ఉంటే పరిశీలించాలి. హైదరాబాద్ నుంచి మక్కా దిక్కు సూటిగా పడమర కాదు, దాదాపు 13 డిగ్రీలు ఉత్తరానికి ఒరిగి ఉంటుంది. ఇలాంటి లెక్కలు కట్టడానికి దక్కనుకు దొరలు రానక్కర్లేదని ఆ పళ్లేలే చెబుతాయి. కానీ మ్యూజియం గేటు ఆస్ట్రోలాబ్‌కు తెరుచుకున్నంత సులువుగా అరిగిన గొలుసుకు, పట్టకం పగిలిన మార్క్ 8కు తెరుచుకోదు. వేలల్లో తయారైన సర్కారీ వస్తువు ఏ క్యురేటరుకూ అపురూపం కాదు. వాటిని కాపాడేది ఇంటి అలమరే. కాకపోతే ఆ అలమర ఉన్నవాడు శర్మగారి పద్ధతిలో పదోవంతైనా పాటించాలి.

అందులో మొదటిది, తోమకపోవడం. ఇత్తడి కనిపిస్తే చింతపండు చేతిలోకి తీసుకోవడం మన ఇళ్లలో అలవాటు. పాత పరికరాల ఇత్తడి మీద తయారీదారే వేసిన లక్క పూత ఉంటుంది. తోమితే ముందు పోయేది అది, తర్వాత సన్నని అంకెలు, ఆ తర్వాత బాణం ముద్ర. కదిలే భాగాల్లో గడ్డకట్టిన నూనెను తీయడం వేరు, వయసును గీకేయడం వేరు. రెండోది, విప్పకపోవడం. ఆ కాలపు దిక్సూచుల డయళ్ల మీద చీకట్లో మెరవడానికి రేడియం కలిపిన రంగు పూసేవారు. ఇప్పుడు మెరవదు, ఎందుకంటే మెరిసే పదార్థం చచ్చిపోయింది. రేడియం మాత్రం చావలేదు, అది సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు కావాలి. గాజు తీసి ఆ పొడిని పీల్చడం సేకరణ అనిపించుకోదు.

‘జేబులో ఫోను ఉండగా ఇవన్నీ దేనికి’ అనేవారికి పెద్దగా జవాబు అక్కర్లేదు. ఎవరూ వీటితో దారి వెతుక్కోవడం లేదు. కాకపోతే పత్తర్‌గట్టి వెనక సందుల్లో ఫోను పటం మీది నీలిచుక్క పక్కవీధిలోకి దూకినప్పుడు ఫోను తన తప్పు ఎంతో చీటీ రాసివ్వదని మాత్రం గుర్తుంచుకోవాలి.

నకిలీల మాటకు తిరిగి వస్తాను, ఎందుకంటే వాటి తరఫున వాదించేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాటలో న్యాయం కూడా ఉంది. నాలుగు వందలకో ఐదు వందలకో ఒక అందమైన ఇత్తడి వస్తువు దొరుకుతుంటే, దాంతో నాలుగు కుటుంబాలు బతుకుతుంటే, ఎవరికి నష్టం? కొన్నవాడికి తెలిసి కొంటే ఎవరికీ నష్టం లేదు. రూర్కీలో సర్వే, డ్రాయింగ్ పరికరాలు తయారుచేసే చిన్న కార్ఖానాలు ఎన్నో ఉన్నాయి. 1847లో అక్కడ ఇంజనీరింగ్ కాలేజీ పెట్టి, గంగా కాలువ తవ్వకానికి వర్క్‌షాపు నడిపినప్పటి నుంచి ఆ పనితనానికి పేరు. నాకు బాధ కలిగించేది ఆ పనితనం తన ఊరిపేరు దాచుకొని లండన్ పేరు చెక్కుకోవడం. ‘రూర్కీ’ అని వేసి అమ్మితే నేనే కొనమంటాను. ఇంకో తమాషా చట్టంలో ఉంది. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన వస్తువు, విజ్ఞానశాస్త్రానికి సంబంధించినది సహా, పురావస్తువు. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. అంటే 1917 తారీఖున్న మార్క్ 8 దిక్సూచి 2017తో ఆ గీత దాటింది. అసలు వస్తువు ఇక ఇక్కడే ఉండాలి. పద్యం చెక్కిన ‘1885’ మాత్రం ఓడలెక్కి ప్రపంచమంతా తిరుగుతోంది. చట్టం అసలుదాన్ని మన దగ్గరే కట్టేసినందుకు నాకు సంతోషమే, కానీ కట్టేసిన దాన్ని చదివేవాళ్లు కూడా ఇక్కడే తయారవ్వాలి.

చదవడానికి హైదరాబాద్ చాలా అనువైన చోటు. అసలు ఉత్తరానికీ ముల్లు చూపే ఉత్తరానికీ తేడా ఇక్కడ ఒక డిగ్రీ లోపే. మొదటి ప్రపంచయుద్ధం నాటి లండన్‌లో అది దాదాపు 15 డిగ్రీలు. ఇంకొక సంగతి, భూమి అయస్కాంతశక్తి ముల్లును కిందికి కూడా లాగుతుంది. లండన్ దగ్గర ఆ వాలు 60 డిగ్రీలు దాటుతుంది, ఇక్కడ ఇరవై పైచిలుకే. అక్కడి వాలును సరిపుచ్చడానికి దక్షిణపు కొసన బరువు పెట్టి తయారుచేసిన డయలు, ఇక్కడికి వచ్చాక దక్షిణం వైపు కాస్త ఒరిగిపోతుంది. పాత దిక్సూచిని బల్ల మీద పెట్టి డయలు అంచును పక్క నుంచి చూడండి. ఒరిగి ఉంటే అది ఇంగ్లండులో తూచిన డయలు. సమంగా ఉంటే ఈ దేశంలో ఎవరో విప్పి బరువు మార్చి ఉండవచ్చు, లేదా అది ఇక్కడే పుట్టిన నకిలీ అయి ఉండవచ్చు. ఏదో తేల్చడానికి, విప్పకుండానే, పైకి కనిపించే గీతలు, మరలు తిప్పిన గుర్తులు చూడాలి. ఆ తర్వాత చార్మినార్ మొదటి అంతస్తు చాలు. ఇనుప కడ్డీలకూ జేబులోని ఫోనుకూ దూరంగా నిలబడి, గాలి తేటగా ఉన్న రోజున, కొత్త అపార్టుమెంట్లు అడ్డం రాకపోతే, ఎనిమిది కిలోమీటర్ల అవతల గోల్కొండ బాలాహిస్సార్‌ను గీతకు సరిపెట్టాలి. పటం లెక్క ప్రకారం అది అసలు ఉత్తరం నుంచి సుమారు 287 డిగ్రీలు. ముల్లు తేడా కలుపుకొని దిక్సూచి 287, 288 మధ్య చదవాలి. 290 చూపిస్తే దాని దోషం రెండున్నర. పదిసార్లు చూసి, సగటు తీసి, తారీఖుతో సహా చిన్న చీటీ మీద రాసి తోలు సంచీలో పెట్టేయాలి. సంచీలో అప్పటికే నూరేళ్ల కిందటి చీటీ ఒకటి ఉంటే దాన్ని తీయకూడదు, కొత్తదాన్ని దాని వెనకే పెట్టాలి.